ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పాడైతే ఏం చేశాను: నా అనుభవం

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకు లెక్కలు రాయడం నా పని. ఒంగోలులో ఇంటి దగ్గరే కూర్చుని టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్‌టీ చూస్తాను. గెలాక్సీ రకం గ్రానైట్ బ్లాకును పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి క్యూబిక్ మీటర్ల లెక్కన బిల్లు వేస్తారు. కొలతలో ఒక్క అంకె మారినా వేలల్లో తేడా వస్తుంది. అందుకే మే నెలలో ల్యాప్‌టాప్ మొరాయించినప్పుడు పని ఆగిపోతుందన్న దిగులు కంటే, ఇది తప్పుడు అంకెలు సేవ్ చేస్తోందేమోనన్న టెన్షనే నన్ను ఎక్కువ పట్టుకుంది.

మొదట టాలీ ఉన్నట్టుండి మూసుకుపోయేది. తర్వాత బ్లూ స్క్రీన్లు, అంటే విండోస్ ఆగిపోయి నీలం తెర మీద ఎర్రర్ పేరు చూపడం, మొదలయ్యాయి. ఒకసారి మెమొరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ అని, మరోసారి ఇంకేదో పేరు. ఏదో ఒక డ్రైవర్ (పరికరాలను నడిపే ప్రోగ్రామ్) చెడితే సాధారణంగా ఒకే ఎర్రర్ మళ్లీ మళ్లీ వస్తుంది. ఇలా రోజుకో పేరుతో వస్తుంటే ముందు ర్యామ్‌నే, అంటే పని జరుగుతున్నంతసేపు డేటాను పట్టి ఉంచే మెమొరీనే, అనుమానించాలి. ఇంకో గుర్తు కూడా కనిపించింది. రీస్టార్ట్ చేసిన కాసేపు అంతా బాగుండేది. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో పోర్టల్ అన్నీ తెరిచి మెమొరీ నిండేకొద్దీ గోల మొదలయ్యేది. పాడైన చోటు దాకా వాడకం వెళ్లినప్పుడే దెబ్బ బయటపడుతుంది కదా.

దగ్గర్లోని రిపేరు షాపులో చూపిస్తే, మూత కూడా తీయకుండా "మదర్‌బోర్డు పోయినట్టుందక్కా, ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం" అన్నాడు. చేతిలో నెల లెక్కలు, 11వ తేదీలోపు వెయ్యాల్సిన జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్. సరేనని అక్కడ పెట్టి రావడానికి మనసొప్పలేదు. నెల్లూరులో కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే మా పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను.

"అక్కా, ఇప్పుడే ఫార్మాట్ చేయించబాక. ర్యామ్ చెడిపోయుంటే కొత్తగా ఎక్కించే విండోస్ కూడా తప్పుగానే ఎక్కుద్ది. ముందు ర్యామ్ టెస్ట్ చెయ్యి" అన్నాడు. ఈ ఒక్క మాట నన్ను కాపాడింది.

విండోస్‌లోనే మెమొరీ డయాగ్నస్టిక్ ఉంటుంది. రీస్టార్ట్ అయి దానంతటదే పరీక్ష చేస్తుంది. ఫలితం తెర మీద కనపడకపోతే విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో వెతుక్కోవాలి. నాకు అందులో ఏ సమస్యా లేదనే వచ్చింది. మామూలు పరీక్ష కొన్ని తప్పులను పట్టుకోలేదు, అది బాగుందన్నంత మాత్రాన ర్యామ్ బాగున్నట్టు కాదు. బ్లాకులో పగులు పైకి కనపడదు, పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషన్ కింద పెట్టాకే తెలుస్తుంది. ఇదీ అంతే.

తర్వాత మెమ్‌టెస్ట్86+ వాడాను. ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే విండోస్‌తో పని లేకుండా నడుస్తుంది. కొన్ని మిషన్లలో బయోస్‌లో (ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ అనే రక్షణను ఆపాల్సి వస్తుంది. అలా ఆపేముందు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, లేకపోతే తర్వాత విండోస్ తెరుచుకోక ఇబ్బంది పడతారు. ఛార్జర్ తగిలించి రాత్రంతా వదిలేశాను. ర్యామ్‌లో ప్రతి చోటా ఒక విలువ రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనా అని ఇది సరిచూస్తుంది. తెల్లారి చూస్తే ఎర్రటి వరసలు. 00000000 ఉండాల్సిన చోట 00000400. కింద వరసలోనూ అదే తేడా, అదే స్థానంలో. ప్రతిసారీ ఒకే స్థానంలోని బిట్ (0 లేదా 1 నిలిపే చిన్న చోటు) నిలబడటం లేదన్నమాట. ఆ 4 నా బిల్లుల్లో ఎక్కడ పడిందోనని గుండె ఝల్లుమంది.

నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీవి రెండు ర్యామ్ స్టిక్కులున్నాయి. టెస్టు చూపించే అడ్రస్‌ను బట్టి ఏది పాడైందో చెప్పలేం, రెండూ జంటగా పనిచేస్తున్నప్పుడు డేటా రెండింట్లోకీ పంచుకుపోతుంది. ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ఛార్జర్ తీసి, పవర్ ఆపేసి, వెనక మూత తెరిచాను. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించాను. తెరవగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టాను. స్టాటిక్ కరెంటు తగలకుండా ఇనుప బీరువాను ముట్టుకున్నాకే ర్యామ్ మీద చెయ్యి వేశాను.

రెండు పక్కలా ఉన్న క్లిప్పులను బయటికి జరిపితే స్టిక్కు ఏటవాలుగా పైకి లేస్తుంది, అంచులు పట్టుకుని లాగెయ్యడమే. మనది సముద్రం దగ్గరి ఊరు, కాంటాక్టుల మీద మకిలి చేరుతుంది. మెత్తటి రబ్బరుతో బంగారు గీతలు తుడిచి, మళ్లీ పెట్టి టెస్ట్ చేశాను. తప్పులు పోలేదు. ఒక స్టిక్కు ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రర్ ఇచ్చింది, రెండోది రెండు స్లాట్లలోనూ శుభ్రంగా నడిచింది. అంటే స్లాట్లు బాగున్నాయి, మదర్‌బోర్డు జోలికి పోనక్కర్లేదు. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులు వచ్చి ఉంటే అప్పుడు షాపతని మాటే నిజమయ్యేది. చెడిపోయిన దాని మీద మార్కర్‌తో ఇంటూ పెట్టాను.

కొనేటప్పుడు పాత స్టిక్కును వెంట తీసుకెళ్లాను. లేబుల్ మీద పీసీ4-2666 అని ఉంది, అంటే 2666 వేగం ఉన్న డీడీఆర్4 రకం ర్యామ్. ల్యాప్‌టాప్ డీడీఆర్4కు 260 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్3కి 204 పిన్నులు, గాడి కూడా వేరే చోట ఉంటుంది కాబట్టి ఇందులో పట్టదు. 2666 దొరక్క 3200 ఇచ్చారు. అది తగ్గి 2666కే నడుస్తుంది, ఇబ్బంది లేదు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్ దాకా పోకుండానే ఒంగోలులో దొరికింది. సన్నటి మోడళ్లు కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, వాటికి ఈ వీలుండదు. కొనేముందు అది చూసుకోవాలి.

కొత్తదాన్ని గాడి చూసుకుని ఏటవాలుగా, బంగారు గీతలు దాదాపు కనపడనంత లోపలికి తోసి, కిందికి నొక్కితే రెండు క్లిప్పులూ టక్కుమన్నాయి. మొదటిసారి ఆన్ చేస్తే తెర చాలాసేపు నల్లగానే ఉంది. కొత్త ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని మిషన్లు అంత టైమ్ తీసుకుంటాయి, కంగారుపడి ఆపెయ్యకూడదు. ఆ రాత్రి మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టాను. కొత్త వస్తువునూ పరీక్షించాలి, పెట్టెలోంచే చెడిపోయి వచ్చేవీ ఉంటాయి. తెల్లారేదాకా ఒక్క ఎర్ర వరస కూడా రాలేదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని అప్పుడే మొదలైంది. కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) నడిపితే విండోస్ ఫైళ్లలో చెడినవి కొన్ని దొరికాయి, అదే సరిచేసుకుంది. తర్వాత పెన్‌డ్రైవ్‌లోని బ్యాకప్ జిప్ ఫైళ్లన్నీ తెరిచాను. బ్లూ స్క్రీన్లు మొదలైన తర్వాత తీసిన వాటిలో కొన్ని సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ చెడిందన్న గుర్తు) చూపించాయి. మొదలు కాకముందువి చక్కగా తెరుచుకున్నాయి. వాటిలో ఆఖరిదాన్ని టాలీలో రీస్టోర్ చేసి, ఆ తర్వాతి ఓచర్లన్నీ కాగితం బిల్లులు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని మళ్లీ ఎక్కించాను. ఒక్కో బ్లాకు కొలతనూ వేలు పెట్టి చదివాను. గడువులోపే జీఎస్‌టీఆర్-1 వేసి, ఫ్యాక్టరీ వాళ్లకు కాపీ పంపించాను.