కిక్ జారుడు

మా బాపు 100 సీసీ బండి కిక్ కొడ్తే ఊరికెనే జారి కిందికి పోతుండె, ఇంజన్ తిరుగుతనే లేకుండె. ములుగు రోడ్డుకాడ ఒకాయన సరిగ చూడకుండనే ఇంజన్ ఇప్పాలె అన్నడు, మస్తు కోపమొచ్చింది నాకు. హన్మకొండల మా మెకానిక్ అన్న మాత్రం కిక్ రాడ్ తొడిగే షాఫ్ట్ (ఇంజన్ లోపలికి పోయే ఇరుసు) చివర తుడిచి సుద్దముక్కతోని గీత గీసి "మెల్లగ తొక్కు తమ్మీ" అన్నడు. రాడ్ దిగుతుంది గని గీత కదుల్తలేదు! షాఫ్ట్ తిరిగి ఇంజన్ తిరగకపోతే లోపల రాచెట్ (ఒక్క దిక్కే పట్టి తిప్పే పండ్ల చక్రం) చూడాలె, తొక్కినంక రాడ్ పైకి రాకపోతే స్ప్రింగ్ చూడాలె, ఇదేమో షాఫ్ట్‌ను పట్టుకునే రాడ్ లోపలి పండ్లు అరిగినయ్ అంతే అని బోల్టు ఇప్పి చూపిచ్చిండు, నున్నగైపోయినయ్. కొత్త రాడ్ ఏసి బిగిచ్చిండు, ఒక్క కిక్‌కే స్టార్ట్! ఎంత ఓపికున్న మనిషో. అరిగిన రాడ్‌నే బిగిచ్చుకుంట నడపకుర్రి, షాఫ్ట్ పండ్లు గూడ పోతే అప్పుడు నిజంగనే ఇంజన్ ఇప్పాలె.