మా జాక్ రస్సెల్ జాతి కుక్కకి బొచ్చు చేత్తో తీసిన పద్ధతి

విజయవాడలో గరుకు బొచ్చు కుక్కను పెంచేవాళ్ళు ఫిబ్రవరిలోనే బొచ్చు సంగతి చూసుకోవాలి. మొదటి ఏడాది మేం మావాడికి మిషన్ పెట్టించాం, అదే పొరపాటు. మిషన్ వెంట్రుకను పైపైన కోస్తుంది, చచ్చిన మొదలు చర్మంలోనే ఉండిపోతుంది. ఆ చోట కొత్త గరుకు వెంట్రుక రాదు, కింది మెత్తటి పొరే పైకొస్తుంది. కొన్నాళ్ళకి ఒళ్ళంతా దూదిలా అయింది, గోధుమరంగు మచ్చలు వెలిసిపోయాయి. పైగా తెల్ల బొచ్చు కింద చర్మం లేత గులాబీ రంగు, గుండు చేస్తే ఎండకు కమిలిపోతుంది.

ఆ గరుకుతనం వాటి పనికి కావలసింది. తర్వాత ఇంగ్లండులోని డెవాన్‌లో చర్చి పాస్టరుగా పనిచేసిన జాన్ రస్సెల్ (జాక్ అన్నది ఈయన ముద్దుపేరే), 1819లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడు. ఈ జాతికి మూలం అదే. అప్పటి నక్కల వేటలో ఇవి నక్క బొరియలో దూరి దాన్ని బయటికి తరమాలి కాబట్టి తడికీ ముళ్ళకీ తట్టుకునే బొచ్చు, నక్కతో పొరబడకుండా తెలుపు, ఇరుకులో పట్టే ఛాతీ. ముందుకాళ్ళ వెనక రెండు చేతులు చుట్టి పడితే వేళ్ళు కలవాలి, ఆ చుట్టుకొలత 40 నుంచి 43 సెంటీమీటర్లు. కలిసే వేళ్ళు కలవడం మానేశాయంటే నేను పెరుగన్నం తగ్గించేస్తాను.

ఇక తీయడం. నడుం మీద నాలుగైదు వెంట్రుకలు బొటనవేలు, చూపుడువేలితో పట్టి లాగితే నొప్పి లేకుండా రావాలి. చర్మం ముడిచాడంటే ఇంకా పండలేదన్నమాట, రెండు వారాలు ఆగాలి. ముందు స్నానం చేయించకూడదు, షాంపూకి వెంట్రుక జారిపోతుంది. వేళ్ళకి సుద్దపొడి రాసుకుని, నోట్లు లెక్కపెట్టేవాళ్ళు వాడే రబ్బరు తొడుగులు వేసుకుంటే పట్టు బాగుంటుంది. బల్లమీద గోనెసంచి పరిచి నిలబెట్టి, ఎడమచేత్తో చర్మం బిగించి, వెంట్రుక వాలిన వైపే కొద్దికొద్దిగా లాగాలి. ఎదురు లాగితే తెగుతుంది, చర్మం కందుతుంది. పొట్ట, తొడల లోపల చర్మం పల్చన, అక్కడ కత్తెరే.

బొరియలో చెప్పేవాడు ఉండడు, ఎటు తిరగాలో తనే తేల్చుకోవాలి. వీటి మొండితనం అక్కణ్ణించే వచ్చింది. అందుకే అదిమిపట్టి పని కానివ్వాలనుకోవద్దు. పొద్దున్నే బాగా నడిపించి, అలసిపోయాక ఇరవై నిమిషాలు, అంతే. మాకు అయిదు రోజులు పట్టింది. అయ్యాక రెండు రోజులు నీళ్ళు పోయలేదు.

బొచ్చు పల్చబడ్డాక పిడుదులు బాగా కనబడతాయి. చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో చూడాలి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగాలి. గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయి కాబట్టి అక్కడా మందు కొట్టించాలి. కుక్క ఒక్కదానికే మందు వేస్తే నెలకల్లా మళ్ళీ పట్టేస్తాయి. జ్వరమొచ్చి, చిగుళ్ళు పాలిపోయి, తిండి మానేస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.

కొత్త గరుకు బొచ్చు నిండడానికి రెండు నెలల పైనే పడుతుంది. ఫిబ్రవరి నడిమిలో తీస్తే ఏప్రిల్ చివరికి ఒంటినిండా కప్పుకుంటుంది, రోళ్ళు పగిలే రోహిణి కార్తెకు ఇంకా నెల ముందే.