సగం దొరికిన జవాబు: మా బాబు జన్యు పరీక్ష

బాబుకి పదమూడో రోజున వాంతులు మొదలయ్యాయి. పాలు పడట్లేదేమో అనుకున్నాను. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి పుట్టినప్పటి బరువు కూడా లేడు. రక్తంలో సోడియం బాగా తక్కువ, పొటాషియం ఎక్కువ, ఈ జబ్బులో పెరిగే 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ చాలా ఎక్కువ. కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా అనే పుట్టుకతో వచ్చే జబ్బన్నారు. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌నీ, ఒంట్లో ఉప్పును నిలిపే మరో హార్మోన్‌నీ తయారుచేయలేకపోతున్నాయట. ఆ రాత్రే కార్టిసాల్‌కి బదులుగా హైడ్రోకార్టిసోన్ అనే మందు ఇచ్చారు. జన్యు పరీక్ష తర్వాతి మాట, మందు మాత్రం ఆగదన్నారు.

కొన్ని వారాలకి సీక్వెన్సింగ్, అంటే జన్యువుల రాతని అక్షరం అక్షరంగా చదివే పరీక్ష, రిపోర్టు వచ్చింది. సీవైపీ21ఏ2 అనే జన్యువులో ఒక అక్షరం మారిన తప్పు కనిపించింది. ఒక్కటే! ఈ జబ్బు రావాలంటే ఆ జన్యువుకి అమ్మ నుంచి వచ్చిన ప్రతి (కాపీ), నాన్న నుంచి వచ్చిన ప్రతి, రెండూ చెడిపోవాలి. మరి రెండోది ఏది? అసలు జబ్బే కాదేమో, ఊరికే మందులు మింగిస్తున్నామేమో అని టెన్షన్‌తో నిద్రపట్టేది కాదు. డాక్టరుగారు మాత్రం హార్మోన్ల లెక్క స్పష్టంగా ఉంది, ఒక్క డోసు కూడా మానొద్దని గట్టిగా చెప్పారు.

జెనెటిక్ కౌన్సిలర్ ఓపిగ్గా విడమరిచారు. ఆరో క్రోమోజోమ్ మీద ఈ జన్యువు దగ్గరే దాని నకలు ఒకటి ఉంటుంది. దానితో పనేమీ జరగదు, కానీ రాత దాదాపు 98 శాతం ఒకటే. సీక్వెన్సింగ్‌లో డీఎన్ఏని చిన్న చిన్న ముక్కలుగా చదువుతారు కాబట్టి, ఏ ముక్క ఎవరిదో తేల్చడం కష్టం. జన్యువులో పెద్ద భాగమే ఎగిరిపోయినా తెలియకపోవచ్చు. అందుకే ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష వేరేగా చేయించమన్నారు. ఈ మాట మొదటి రిపోర్టు ఇచ్చిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆ ఎంఎల్‌పీఏలో రెండో తప్పు దొరికింది. ఒక ప్రతిలో పెద్ద ముక్కే లేదు. మా ఇద్దరి రక్తమూ పరీక్షించారు. అక్షరం మారిన ప్రతి నాది, ముక్క పోయిన ప్రతి మావారిది. "ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని బంధువులు అడుగుతూనే ఉన్నారు కదా, ఇద్దరి వైపు నుంచీ.

బాబుకిప్పుడు నాలుగేళ్లు. రోజుకి మూడుసార్లు మందు. జ్వరమొస్తే డాక్టరు రాసిచ్చిన ప్రకారం డోసు పెంచుతాం. అత్యవసర ఇంజెక్షన్ ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది.

నాకు మళ్లీ మూడో నెల. ఈ బిడ్డకీ వచ్చే అవకాశం 25 శాతం. వచ్చే వారం మాయ నుంచి చిన్న శాంపిల్ తీస్తారు. ఎక్కడ వెతకాలో ల్యాబుకి ఈసారి తెలియాలని, రెండు రిపోర్టులూ ఫైల్లో పైనే పెట్టాను.