లాలిబెలలో నేను తీసిన కాలువల ఫొటోలు

ఇథియోపియాలోని లాలిబెల వెళ్లొచ్చిన వాళ్లెవరైనా ముందుగా చూపించే ఫొటో ఒకటే. నేలలో పెద్ద గొయ్యి, దాని మధ్యలో శిలువ ఆకారంలో ఎర్రటి సెయింట్ జార్జ్ చర్చి. అక్కడి వాళ్లు బేతె గియోర్గిస్ అంటారు. నా ఫోన్లోనూ అది ఉంది. మిగతా ఫొటోల్లో సగం మాత్రం కాలువలే. "ఇంత దూరం వచ్చి డ్రైనేజీ ఫొటోలేంటండీ" అని మా ఆవిడ అక్కడే విసుక్కుంది. ఏం చేయను, సెల్లార్లు తవ్వించడమే నా ఉద్యోగం. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు బండ మీద అపార్ట్‌మెంట్లు లేస్తుంటే, నేను ఆ బండ లోపలికి దిగుతుంటాను. ఎక్కడ గొయ్యి చూసినా నీళ్లెటు పోతాయన్నదే నాకు మొదటి టెన్షన్.

ఇథియోపియా ఉత్తరాన, అమ్హారా ప్రాంతంలో సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు లాలిబెల. అడిస్ అబాబా నుంచి చిన్న విమానంలో వెళ్లాం. మొదటి రోజు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాతిలో తొలిచిన 11 చర్చిలున్నాయి. 12, 13 శతాబ్దాల్లో లాలిబెల అనే జాగ్వే వంశపు రాజు వీటిని తొలిపించాడని చెబుతారు. 1978లో యునెస్కో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితా వేసినప్పుడే ఇవి అందులో ఉన్నాయి. 1520లలో ఇక్కడికొచ్చిన అల్వారెస్ అనే పోర్చుగీసు మతగురువు, ఇంకా రాస్తే ఎవరూ నమ్మరని రాయడం ఆపేసి, రాసినదంతా నిజమేనని దేవుడి మీద ఒట్టు వేశాడట.

మనవాళ్లకు వెంటనే ఎల్లోరా కైలాసం గుర్తొస్తుంది. నాకూ గుర్తొచ్చింది. అది ఇంకా ముందుది, 8వ శతాబ్దంలో రాష్ట్రకూటులు చేయించినది. అదీ పైనుంచి కిందికి తొలిచిందే. కానీ కైలాసం కొండ వాలులో ఉంది, ముందు వైపు నేల మట్టానికే తెరుచుకుంటుంది. పడ్డ వాన పడ్డట్టు బయటికి నడిచిపోవచ్చు. సెయింట్ జార్జ్ చర్చి అలా కాదు. బండలో సుమారు 12 మీటర్ల లోతున నాలుగు పక్కలా గోడలే. మా లెక్కలో మూడు సెల్లార్లు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ కుండపోత వానలు. 2020 అక్టోబర్ వానలకు మన దగ్గర సెల్లార్లలో కార్లు తేలడం చూసినవాణ్ని. అక్కడ 800 ఏళ్లుగా మోటారు లేదు, సంపు లేదు, చర్చి మాత్రం నిలబడి ఉంది.

అందుకే గైడ్ శిలువ గురించి చెబుతుంటే నేను వంగి నేల చూస్తూ తిరిగాను. పైకప్పులకు వాలు ఇచ్చారు. కప్పు మీది నీళ్లు గోడ వెంట కారకుండా, దూరంగా పడేలా అదే రాతిలో తూములు చెక్కారు. వాకిలి చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు, ఒక పక్కకి సన్నగా జారుతుంది. వాకిళ్లను కలుపుతూ మనిషి నడిచేంత లోతైన సందులున్నాయి. పండగ రోజు ఊరేగింపులు వాటి గుండానే వెళ్తాయి, వానాకాలంలో నీళ్లూ వాటి గుండానే వెళ్తాయి. చర్చిల రెండు గుంపుల మధ్య ఉన్న పెద్ద కాలువకు యోర్దాను నది పేరు పెట్టుకున్నారు. జెరూసలేమును ఇక్కడే కట్టుకోవాలని రాజు అనుకున్నాడని కథ. కథ సంగతి నాకు తెలియదు. లెవెల్స్ చూసినవాడు మాత్రం మామూలు మనిషి కాదు.

హైదరాబాద్ వచ్చాక ఒక రోజు టీ టైంలో ఫొటోలు మా మేస్త్రీకి చూపించాను. ఆయన తాత ఉలి, సమ్మెటతో బండలు కొట్టినవాడు. ఈయన బ్రేకర్లు, కంప్రెసర్లు నడిపిస్తాడు. ఫోన్ దగ్గరికి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"సార్, ఇది కట్టిండ్రా, తొలిచిండ్రా?"

"తొలిచారు మేస్త్రీ. చుట్టూ కందకం కొట్టి, మధ్యలో దిమ్మ మిగిల్చి, దాన్నే చర్చి చేశారు."

"మీదికెళ్లి కిందికా?"

అవునన్నాను. ఆయన ఇంకో రెండు ఫొటోలు జరిపాడు. "అయితే సెంట్రింగ్ ఖర్చు లేదు. లోపల సీలింగ్ చెక్కెటోడు ఇంకా కొట్టని రాయి మీదనే నిలబడ్తడు. కొట్టుకుంట కొట్టుకుంట కిందికి దిగుతడు."

నేను రెండు పూటలు తిరిగి అర్థం చేసుకున్నది ఆయన టీ తాగుతూ చెప్పేశాడు. పరంజా వేయాల్సిన పనే లేదు. కట్టడంలో కప్పు చివర వస్తుంది, ఇక్కడ కప్పే మొదలు. స్తంభం నిలబెట్టేది కాదు, మిగిల్చేది. ఒక కమాను అంచు విరిగితే దాన్ని మార్చి పెట్టే వీలు లేదు.

"రాయి మెత్తదేనా సార్?"

మన గ్రానైట్‌తో పోలిస్తే మెత్తదే. మనది 250 కోట్ల ఏళ్ల బండ, బ్రేకర్ మొనలే అరిగిపోతాయి. అక్కడిది అగ్నిపర్వతం కక్కిన ఎర్ర రాయి. నేను ఉంగరం వేలితో తాకి చూశాను, సన్నటి బొరియలతో గరుకుగా ఉంది. చెక్కడానికి ఎంత అనువో, నీళ్లు పీల్చి పగలడానికీ అంతే. అందుకే 2008లో అయిదు చర్చిల మీద యూరోపియన్ యూనియన్ డబ్బుతో పెద్ద పెద్ద కప్పులు నిలబెట్టారు. చూడ్డానికి ఎయిర్‌పోర్ట్ షెడ్డులా ఉన్నాయి, నాకు నచ్చలేదు. సెయింట్ జార్జ్ మీద మాత్రం వేయలేదు, బతికిపోయాం.

రాజు పగలు మనుషులతో కొట్టిస్తే, రాత్రి దేవదూతలు దిగి పని అందుకునేవారని అక్కడ చెబుతారని కూడా అన్నాను. మేస్త్రీ నవ్వాడు. "నైట్ షిఫ్ట్ దేవదూతలదా! మనం రాత్రి బ్రేకర్ పెడితే పక్క అపార్ట్‌మెంటోళ్లు వంద నంబర్‌కు కొడ్తరు."

అన్నట్టు, ఇవి మ్యూజియంలు కావు. తెల్ల నూలు శాలువాలు కప్పుకున్న జనం తెల్లవారుజామునే వచ్చి గోడకు నుదురు ఆనించి నిలబడతారు. ఒక పూజారి మాకు ఇత్తడి శిలువ చూపించి, ఫొటో అనగానే జేబులోంచి నల్లకళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. రోజూ ఫ్లాష్‌లు భరించడం అలవాటైన మనిషి. చెప్పులు బయటే విడవాలి. లోపలి తివాచీల్లో కుట్టే చిన్న పురుగులుంటాయి, మందం సాక్సులు తీసుకెళ్లండి. రెండు చర్చిల మధ్య ఒక సొరంగం ఉంది, పూర్తి చీకటి, దాన్ని నరకమంటారు. టార్చ్ వేయకుండా గోడ తడుముకుంటూ వెళ్లాలి. మా ఆవిడ ముందు నడిచింది, నేను వెనక.

మేస్త్రీ ఆఖరున అడిగింది నాకు అక్కడ తట్టనే లేదు. "మరి ఇంత రాయి ఎటు పోసిండ్రు సార్?"

ఇంటికొచ్చి చదివాను. చర్చిల చుట్టూ దిబ్బలున్నాయి, మేం వాటి మీదుగానే నడిచాం. అవి అప్పట్లో తవ్వి పోసిన రాతి పొడి అని పురావస్తు పరిశోధకులు గుర్తించారట. గోడల్లో పైన ఆగిపోయిన మెట్లు, గాల్లో మిగిలిపోయిన గుమ్మాలు చూసి, అంతా ఒక్క రాజు కాలంలో పూర్తవలేదని, పాత తవ్వకాన్నే మళ్లీ లోతు చేసుకుంటూ పోయారని కూడా వాళ్లంటున్నారు. మర్నాడు సైట్‌లో ఇది చెబితే మేస్త్రీ తల ఊపాడు. "పక్కనే పోసిండ్రు. టిప్పర్ కిరాయి లేదు, డంపింగ్ యార్డ్ లేదు" అని, గేటు దగ్గర హారన్ కొడుతున్న టిప్పర్ వైపు వెళ్లాడు.