కంపైలర్‌కే సరిపోయిన సెలవు

ఈరోజంతా పనిముట్లకే పోయింది. సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానంటే వినేవాళ్లు ఏవేవో ఊహించుకుంటారు. నేను కొత్తగా రాసిన కోడ్ అరపేజీ ఉంటే ఎక్కువ. మిగతా టైమంతా, రాసిన కోడ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా మార్చే జీసీసీ అనే కంపైలర్ బిల్డ్ అవుతుంటే టెర్మినల్‌లో పరిగెత్తే లైన్లు చూస్తూ కూర్చున్నాను.

సిస్టమ్‌లో జీసీసీ ఉండగా ఇంకోటి దేనికి? ఉన్నది లినక్స్ ప్రోగ్రాముల కోసం తయారైన కంపైలర్. కింద లినక్స్ ఉంటుంది, పక్కన సీ లైబ్రరీ ఉంటుంది అన్న ధీమాతోనే అది కోడ్ ఇస్తుంది. నా కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికీ అడుగునుండే భాగం, దాని కింద ఎవరూ లేరు. ఆ ధీమాను ఆప్షన్లు పెట్టి ఒక్కొక్కటిగా తీసేయొచ్చు గానీ, ఎక్కడో ఒకటి మిగిలిపోయిందేమోనన్న టెన్షన్ మాత్రం పోదు. అందుకే ఐ686-ఎల్ఫ్ టార్గెట్‌తో విడిగా క్రాస్ కంపైలర్, అంటే తాను నడిచే సిస్టమ్‌కు కాకుండా వేరేదానికి కోడ్ ఇచ్చే కంపైలర్, కట్టుకున్నాను. ఆ పేరులో ప్రాసెసర్ ఉంది, ఫైల్ ఫార్మాట్ ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఊసే లేదు. నాకు కావాల్సిందీ అదే.

అసెంబ్లర్, కోడ్ ముక్కల్ని ఒక్క ఫైలుగా అతికే లింకర్ ఉండే బైన్‌యుటిల్స్ త్వరగానే అయిపోయింది. జీసీసీకి జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే లెక్కల లైబ్రరీలు కావాలి. వాటిని తెచ్చిపెట్టే స్క్రిప్టు సోర్స్‌లోనే ఉంటుంది కాబట్టి వెతుక్కునే పని లేదు. సీ లైబ్రరీ హెడర్లు లేవని, బిల్డ్‌ను సిద్ధం చేసే కాన్ఫిగర్ స్క్రిప్టుకు చెప్పి, కంపైలర్‌నూ దాని సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీనీ మాత్రం బిల్డ్ చేశాను. లిబ్‌జీసీసీని వదిలేస్తే కుదరదు. 32 బిట్ల ప్రాసెసర్ మీద 64 బిట్ల భాగహారం రాస్తే, కంపైలర్ చడీచప్పుడు లేకుండా అందులోని ఫంక్షన్‌ను పిలుస్తుంది.

ఇక మెమరీని కాపీ చేసే, నింపే, పోల్చే ఫంక్షన్లు: మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్. ఫ్రీస్టాండింగ్ అని, అంటే లైబ్రరీ ఆసరా లేదని చెప్పినా సరే, ఈ నాలుగూ ఉండాల్సిందేనంటుంది జీసీసీ. లైబ్రరీ లేదు మొర్రో అంటుంటే ఇదేం అడగడం అనిపిస్తుంది. పెద్ద స్ట్రక్చర్‌ను ఇంకోదానికి అసైన్ చేస్తే పాపం దానికైనా మెమ్‌కాపీని పిలవడం తప్ప వేరే దారేముంది? నాలుగూ రాసి పెట్టేశాను, మామూలు లూపులే.

అన్నిటికన్నా, ఏది మెమరీలో ఎక్కడ ఉండాలో చెప్పే లింకర్ స్క్రిప్టు మీద ఎక్కువసేపు కూర్చున్నాను. కంప్యూటర్ ఆన్ అయ్యాక కెర్నెల్‌ను ఎక్కించే గ్రబ్ అనే బూట్‌లోడర్ నా ఫైల్‌ను కెర్నెల్‌గా గుర్తించాలంటే మల్టీబూట్ హెడర్ అనే గుర్తు మొదటి 8192 బైట్లలోపే ఉండాలి. మ్యాజిక్ నంబర్, ఫ్లాగులు, చెక్‌సమ్ అనే మూడు అంకెలూ 32 బిట్లలో కూడితే సున్నా రావాలి. కెర్నెల్‌ను మెమరీలో 1 మెగాబైటు దగ్గర మొదలుపెట్టి, హెడర్ మొదట్లోనే పడాలని దాని సెక్షన్‌ను అన్నిటికన్నా ముందు పెట్టాను. సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి గ్రబ్-ఫైల్ అనే కమాండ్ ఉంది. మహా ముభావి. హెడర్ ఉన్నా, లేకపోయినా ఒక్క ముక్క మాట్లాడదు. ఎగ్జిట్ కోడ్ మనమే అడిగి చూసుకోవాలి, సున్నా వస్తే ఉన్నట్టు.

తర్వాత క్యూఈఎంయూ, కంప్యూటర్‌లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్. మల్టీబూట్ కెర్నెల్‌ను ఇది నేరుగా ఎక్కించుకుంటుంది కాబట్టి ప్రతిసారీ ఐఎస్‌ఓ డిస్క్ ఫైల్ చేయక్కర్లేదు. హెక్సాలో బీ8000 చిరునామా దగ్గర స్క్రీన్ మీద అక్షరాలు చూపించే వీజీఏ టెక్స్ట్ మెమరీ ఉంటుంది. స్క్రీన్ మీద 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. ఒక్కో గడికి రెండు బైట్లు, ఒకటి అక్షరానికి, ఒకటి రంగుకు. రంగు 10 అని పెట్టాను. నల్లటి తెర మీద ఎడమవైపు పైమూలన లేత పచ్చటి అక్షరాలు రెండు వెలిగాయి. ఎవరికైనా చూపిస్తే 'ఇంతేనా' అంటారని ఎవరికీ చూపించలేదు.

ఇంటరప్టుల టేబుల్ ఇంకా లేదు కాబట్టి ప్రాసెసర్‌కు తప్పు తగిలి ఏ ఎక్సెప్షన్ వచ్చినా, దాన్ని అందుకునేవాళ్లు లేక ట్రిపుల్ ఫాల్టే, వెంటనే రీసెట్. మళ్లీ బూట్ అవ్వకుండా ఆగిపోయే ఆప్షన్‌ను మేక్‌ఫైల్‌లోనే పెట్టేశాను. జీడీబీ అనే డీబగ్గర్ కోసం 1234 పోర్టూ తెరిచి ఉంచాను. 64 బిట్లకు ఇప్పుడే వెళ్లను. అక్కడ స్టాక్ పాయింటర్ కింద కంపైలర్ వాడుకునే రెడ్ జోన్ అనే జాగాను ఆపాలి, లిబ్‌జీసీసీని కూడా అది లేకుండానే బిల్డ్ చేసుకోవాలి, ఆ తలనొప్పి ఇప్పుడు అక్కర్లేదు.

ముందు సీరియల్ పోర్టు. లాగ్ నేరుగా నా టెర్మినల్‌లోకి వచ్చిపడితే, మెమరీ సెగ్మెంట్ల పట్టిక జీడీటీ, ఇంటరప్టుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.