"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?" అనే ప్రశ్న (నా అనుభవం)

నాకు 62. రెండేళ్ళ పాటు బీపీ చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ నేను చెప్పిన మాట ఒకటే, "రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర ఉండట్లేదండి" అని. అబద్ధం కాదు కానీ సగం నిజం. నిద్ర శుభ్రంగా పట్టేది, మధ్యలో నాలుగైదు సార్లు ఒంటేలుకి లేవాల్సొచ్చేది, ఆ ముక్క మాత్రం నోట్లోంచి ఊడిపడేది కాదు. పక్కన మా అమ్మాయో మా ఆవిడో ఉంటారు, తలుపు సగం తీసే ఉంటుంది, డాక్టర్ గారేమో చేతికి బీపీ పట్టీ చుడుతూ "ఇంకేంటి సంగతులు" అంటారు, దానికి "ధార సన్నబడిందండీ, చుక్కలు చుక్కలుగా పడుతోంది" అని ఎలా చెప్తాం. ఆయన నిద్ర మాత్ర రాశారు. నేను చెప్పిన దానికి ఆయన మందిచ్చారు, ఆయన్ని అనడానికేం లేదు. ఆ మాత్ర మత్తులో బాత్రూమ్‌కని లేచి గుమ్మానికి గుద్దుకుని నుదురు బొప్పి కట్టింది. పొద్దున్న మా అమ్మాయి వదల్లేదు, "అసలు అంత రాత్రప్పుడు ఎందుకు లేచావు నాన్నా" అని, ఇక చెప్పేశాను.

యూరాలజిస్ట్ (మూత్ర సమస్యల డాక్టర్) అనగానే ఎవరో పెద్దాయన ఉంటాడనుకుని వెళ్ళా. కుర్చీలో కూర్చున్న డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది.

"చెప్పండి, ఏంటి ప్రాబ్లం?"

"కొంచెం... నంబర్ వన్ దగ్గర..."

"మంటా? నొప్పా?"

"అవేం లేవమ్మా. అదీ... కుళాయి ఉంటుంది కదా..."

"ఏంటి, లీకవుతోందా, సరిగ్గా రావట్లేదా?"

మా అమ్మాయి ఫోన్లోకి తల దూర్చేసింది. డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి, "మీరు ఓ పది నిమిషాలు బయట కూర్చుంటారా" అని అమ్మాయిని పంపించేసి, తలుపు వేసొచ్చి, "ఇప్పుడు చెప్పండి అంకుల్, ఉచ్చ పోసుకోవడానికి ఇబ్బందిగా ఉందా?" అంది. ఆ మాట ఆవిడ అంత మామూలుగా అనేసరికి నా గుండెల మీద బరువు సగం దిగింది. ఇక ఆగలేదు, మొదలవడానికి ఎంతసేపు నిలబడాలో, ముక్కితే గానీ ఎలా రాదో, అయిపోయిందనుకుని వచ్చి పడుకున్న ఐదు నిమిషాలకే మళ్ళీ ఎలా లేపుతుందో, అన్నీ చెప్పేశాను. ఆవిడ అడిగినవాటిల్లో ఒకటి నేను అస్సలు ఊహించలేదు, జలుబు మాత్రలేమైనా వాడుతున్నారా అని. ముక్కు దిబ్బడకిచ్చే సూడోఎఫెడ్రిన్ లాంటివి మూత్రం బయటికొచ్చే దారిలోని కండరాన్ని బిగించేస్తాయట, ఉన్న ఇబ్బంది ఇంకా పెరుగుతుందట.

తర్వాత ఒక ఫారం ఇచ్చింది. 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 35. 7 దాకా అయితే తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం అని లెక్క. నాకు 17 వచ్చింది. ఆ 7 కాకుండా చివర్లో విడిగా ఇంకో ప్రశ్న ఉంటుంది, "ఇప్పుడు ఎలా ఉందో మిగిలిన జీవితమంతా ఇలాగే ఉంటే మీకెలా అనిపిస్తుంది?" అని. దాని దగ్గర పెన్ను ఆగిపోయింది నాకు. పెద్దవాళ్ళమయ్యాం, ఇవన్నీ మామూలే అని రెండేళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నా కదా, ఇలా సూటిగా అడిగినవాళ్ళు ఎవరూ లేరు. "చాలా బాధగా" అనే దాని మీద టిక్ పెట్టాను.

ప్రోస్టేట్ గ్రంథి ఎలా ఉందో చూడ్డానికి మలద్వారంలోంచి వేలితో చేసే పరీక్ష గురించి అందరూ భయపెడతారు గానీ అది నిమిషం కూడా పట్టలేదు. ఎడమ పక్కకి తిరిగి మోకాళ్ళు పొట్ట దాకా ముడుచుకోమంది, గ్లవ్, జెల్, "గట్టిగా ఊపిరి తీసుకోండి" అంది, నేను కంగారులో "సారీ అమ్మా" అన్నాను, ఆవిడ "మీరెందుకు సారీ చెప్తున్నారు అంకుల్" అంది, ఈలోపే అయిపోయింది. గట్టిగా గడ్డలా ఏదైనా తగులుతుందా అని చూస్తారట, నాకు నున్నగానే ఉందంది.

అసలు కష్టమంతా ఫ్లో టెస్ట్‌లో పడ్డాను. గదిలో ఒక గరాటు, దాని కింద మెషిన్, సెకనుకి ఎన్ని మిల్లీలీటర్లు వస్తుందో గీత గీస్తుంది. కనీసం 150 మిల్లీలీటర్లన్నా పోయకపోతే రీడింగ్ నమ్మడానికి లేదట, అందుకని నీళ్ళు తాగి తాగి ఇక ఆపుకోలేను అన్నాకే లోపలికి పంపారు, తీరా ఆ గరాటు ముందు నిలబడ్డాక ఒక్క చుక్క రాదు. బయట నుంచి నర్సమ్మ గొంతు, "అయ్యిందా అంకుల్?" కాలేదమ్మా. రెండు నిమిషాలకి మళ్ళీ, "అయ్యిందా?" ఆవిడ పిలిచినప్పుడల్లా వచ్చేది కాస్తా వెనక్కిపోయేది. చివరికి "అమ్మా, నువ్వు అలా పిలుస్తుంటే నాకు రావట్లేదు" అని గట్టిగా చెప్పేశా, హాల్లో ఎవరో నవ్వారు కూడా. ఆవిడ మంచిది, లోపల వాష్‌బేసిన్ కుళాయి తిప్పుకోండి అని చెప్పి అవతలికి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు చెవిన పడగానే నాకూ మొదలైంది. రీడింగ్ 9, పదిహేను దాటితే బాగున్నట్టు, పది లోపు అంటే దారిలో అడ్డు ఉండొచ్చని. వెంటనే స్కాన్ చేస్తే లోపల ఇంకా 80 మిల్లీలీటర్లు మిగిలే ఉంది, పడుకున్న కాసేపటికే మళ్ళీ ఎందుకు లేవాల్సొచ్చేదో అప్పుడర్థమైంది.

ప్రోస్టేట్ గ్రంథి మామూలుగా 20, 25 గ్రాములుంటుందట, నాది 42. అది మూత్రనాళం చుట్టూ ఉంటుంది కాబట్టి పెరిగే కొద్దీ నాళాన్ని నొక్కుతుంది. 50ల్లో ఉన్న మగాళ్ళలో సుమారు సగం మందికి ఈ పెరుగుదల ఉంటుందని, 80 దాటితే 90 శాతం దాకా అని, ఇది క్యాన్సర్ కాదని, బొమ్మ గీసి మరీ చెప్పింది. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఏమైనా ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష కూడా బాగానే వచ్చింది. మందు ట్యామ్సులోసిన్, రోజుకొకటి. మంచం మీంచి గబుక్కున లేవొద్దు, కళ్ళు తిరుగుతాయి అంది.

చీటీ తీసుకుని తలుపు దాకా వచ్చేశాక ఆవిడే పిలిచింది, "అంకుల్, ఇంకోటి. దీంతో వీర్యం బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్ళొచ్చు. ప్రమాదం లేదు, మీరూ ఆంటీ కంగారు పడొద్దని చెప్తున్నా". ఈ వయసులో మమ్మల్ని ఇలాంటి విషయం ఎవరూ అడగరు, చెప్పరు, అదంతా అయిపోయిందనే అనుకుంటారు. ఆవిడ అలా అనుకోనందుకు నాకు చాలా గౌరవంగా అనిపించింది. థాంక్స్ చెప్పడానికి మాట రాక దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు రాత్రికి ఒక్కసారే లేస్తున్నా, ఒక్కోరోజు అదీ లేదు.

మొన్న శుక్లాల ఆపరేషన్ కోసం కంటి డాక్టర్ దగ్గరికెళ్ళా. హాల్ నిండా జనం, ఒక కుర్రాడు ప్యాడ్ పట్టుకుని అందర్నీ అక్కడే అడుగుతున్నాడు, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని. ట్యామ్సులోసిన్ వాడేవాళ్ళకి ఆపరేషన్‌లో కనుపాప సరిగ్గా విచ్చుకోదు, ముందే తెలిస్తే సర్జన్ దానికి తగ్గట్టు సిద్ధమవుతారు, చెప్పకపోతే వాళ్ళకే ఇబ్బంది. అందుకని గట్టిగానే చెప్పాను, "ప్రోస్టేట్‌కి ట్యామ్సులోసిన్ బాబూ, ఏడాది నుంచి, ఉచ్చకి ఇబ్బందైతే ఇచ్చారు". కుర్రాడు రాసుకుని అవతలికెళ్ళాడు. పక్క కుర్చీలో పెద్దాయన కాసేపు పేపర్ చూస్తున్నట్టే ఉండి, మెల్లగా నా వైపు వంగి, "మీరు రాత్రి ఎన్నిసార్లు లేచేవారండీ?" అన్నాడు.