ఆ గుమ్మాన్ని పగలు చూడకూడదు

వియన్నాలో షోటెన్‌టోర్ దగ్గర దిగి కాస్త నడిస్తే ష్రైఫోగెల్‌గాసే. ఎనిమిదో నంబరు గుమ్మం కోసమే ఆ సందులోకి వెళ్లడం. 1949 నాటి ‘ది థర్డ్ మ్యాన్’ సినిమాలో చనిపోయాడనుకున్న హ్యారీ లైమ్ చీకట్లోంచి బయటపడేది అక్కడే. తీరా చూస్తే మామూలు తలుపు, గోడ నిండా ఎండ. ఇంతేనా అని ఉసూరుమనిపించింది.

అంటే మిగతాదంతా దర్శకుడు కరోల్ రీడ్, ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్ తెచ్చిపెట్టిందే. ముందు నీళ్లు. రాత్రిపూట పొడి రాయి వెలుతురును మింగేస్తుంది, అందుకే రాళ్లు పరిచిన ఆ వీధుల్ని తడిపించారు. మన షూటింగులకు ట్యాంకర్ వచ్చేదీ ఇందుకే. అయితే తడిపితే సరిపోదు, లైటు వీధి చివర నుంచి కెమెరాకు ఎదురుగా రావాలి. కెమెరా వెనక నుంచి వేస్తే తడి రాయి ఇంకా నల్లబడుతుంది. ప్రతి టేకుకూ మళ్లీ తడపాలి, లేకపోతే నాలుగో టేకుకు మచ్చలు మచ్చలుగా ఆరిపోయి ఎడిటింగులో అతకదు.

తర్వాత గోడల మీద పరిగెత్తే ఆ పెద్ద నీడ. దీనికి లెక్క ఉంది. లైటును నేల మీద పెట్టి, దానికి 2 మీటర్ల దూరంలో మనిషిని, 20 మీటర్ల దూరంలో గోడను ఉంచితే నీడ పదింతలవుతుంది. 1.7 మీటర్ల మనిషికి 17 మీటర్ల నీడ! మనిషి గోడ వైపు కదిలేకొద్దీ అది చిన్నదవుతుంది. లైటు ముందు పల్చటి గుడ్డ కట్టారా, అంచులు చెదిరిపోయి భయం కాస్తా పోతుంది. పక్క లైటు వెలుతురు ఆ గోడ మీద పడినా అంతే.

ఈ సినిమాలో కెమెరాను పక్కకు వంచి తీసిన ఒరిగిన ఫ్రేముల సంగతి ఆ గుమ్మం ముందే ఫోనుతో తేల్చుకోవచ్చు. 15 డిగ్రీలు వంచితే తలుపు నిలువు గీత ఒరిగి, కాళ్ల కింద నేల జారినట్టుంటుంది. అదే ఉత్త ఆకాశం వైపు పెట్టి వంచండి, ఏమీ తెలియదు. నిటారు గీత ఏదో ఒకటి ఫ్రేములో ఉంటేనే ఒరుగు కనిపిస్తుంది.

తెర మీద హ్యారీ మాయమయ్యే పోస్టర్ల స్తంభం ఆమ్ హోఫ్ అనే కూడలిలోది. ఈ గుమ్మం పక్క మలుపే అనుకుంటాం గానీ, అక్కడిదాకా నడవాల్సిందే. రెండు చోట్లా ఒకే తడి, ఒకే కోణంలో లైటు ఉండబట్టి కట్ దగ్గర ఆ దూరం దాగిపోయింది.

సినిమాలో కనిపించే ప్రాటర్ పార్కు జెయింట్ వీల్ టికెట్ ధర చూశాక దాని గురించి రాయబుద్ధి కావడం లేదు. 71 నంబరు ట్రామ్ ఎక్కి సెంట్రల్ శ్మశానానికి వెళ్లడం మేలు. చివరి షాట్ అక్కడిదే. అంతసేపూ ఒరిగిన కెమెరా ఇక్కడ తిన్నగా, కదలకుండా నిలబడింది. అటూ ఇటూ చెట్లు, మధ్యలో బాట, దూరం నుంచి నడిచొచ్చే నటి అలీడా వాల్లీ, వెనక ఆంటన్ కరాస్ వాయించిన జిథర్ అనే తీగల వాద్యం మాత్రమే. ఒక్క కట్ లేకుండా నిమిషం పైనే! మామూలు నడక సెకనుకు 1.2 మీటర్లనుకుంటే నిమిషానికి 72 మీటర్లు, కాబట్టి బాట అంతకన్నా పొడవుండాలి. నడక తడబడితే మధ్యలో కోసి దాచుకునే వీలుండదు, మళ్లీ మొదటి నుంచే. పక్కన ఎదురుచూస్తున్న నటుడు జోసెఫ్ కాటన్ వైపు ఆమె ఒక్కసారి చూపు తిప్పినా ఆ టేకు పనికిరాదు.